గ్రహశకల ప్రయాణమునకు అదను

కృష్ణా డెల్టాలో సార్వా సాగు ప్రారంభమగు దినములలో రైతు దృష్టి రెండు చోట్ల ఉండును. ఒకటి మేఘము, రెండవది కాలువ. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి నుండి బందరు కాలువకు, ఏలూరు కాలువకు నీరు ఎప్పుడు వదలుదురో, దానిని బట్టి నారుమడి పని సాగును. నీరు ఆలస్యమైనచో నారు ముదురును. ముదిరిన నారు నాటిన చేను పిలకలు సరిగా తొడగదు. ఊడ్పులు వెనుకబడిన పైరు, చేతికి రావలసిన వేళకు తుపానుల వాత పడవచ్చును. విత్తనము మంచిదే, నేల మంచిదే, రైతు కష్టమునకు లోటు లేదు. అయినను కొద్ది దినముల తేడా వలన పంట తగ్గును. ఆ కొద్ది దినములకే రైతు 'అదను' అని పేరు పెట్టినాడు.

అంతరిక్ష నౌకలను పంపు శాస్త్రజ్ఞులకు కూడ ఇట్టి అదను ఒకటి ఉన్నది. దానిని వారు 'లాంచ్ విండో' అందురు. విండో అనగా కిటికీ; అది తెరచియున్నంత సేపే నౌక బయలుదేరవలెను, మూసిన తరువాత వీలు లేదు అని భావము. రైతు అదనుకు కారణము వానయు, కాలువయు. నౌక అదనుకు కారణము సూర్యుని చుట్టు తిరుగు రెండు గోళముల నడక. ఒక గ్రహశకలమునకు నౌకను పంపవలెనన్నచో ఏ సంవత్సరమున, ఏ నెలలో, ఏ నిమిషమున పంపవలెనో ఎట్లు నిర్ణయింతురు? అదను తప్పినచో ఏమగును? ఈ ప్రశ్నలకు సమాధానము ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితముతోనే చాలవరకు తెలిసికొనవచ్చును.

మచిలీపట్నమునకు వచ్చిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు

సూర్యుని చుట్టు గ్రహములే కాక, చిన్నచిన్న శిలాఖండములు లక్షల సంఖ్యలో తిరుగుచున్నవి. వీనిలో అధికభాగము కుజునికిని బృహస్పతికిని నడుమ ఉన్నవి. వీనినే గ్రహశకలములు అందురు. లఘుగ్రహములనియు పిలుచుట కలదు. మొదటిదైన సిరీస్‌ను 1801 జనవరి 1వ తేదీన ఇటలీ దేశస్థుడు పియాజీ కనుగొనెను. ఇప్పుడు తెలిసినవాని సంఖ్య పది లక్షలు మించినది.

ఈ కథలో తీరాంధ్రమునకు కూడ ఒక స్థానము ఉన్నది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్నముల మీదుగా సాగినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాలాధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నములోను పరికరములతో సిద్ధముగా నిలిచి ఆ గ్రహణమును పరిశీలించిరి. సూర్యబింబము పూర్తిగా మరుగుపడి ఉండునది కొద్ది నిమిషములు మాత్రమే. ఆ నిమిషములకు ముందే ఆ చోటికి చేరి యుండనివానికి ఆ గ్రహణము దక్కదు. అదియు ఒక అదనే.

ఆ పోగ్సన్ గ్రహశకలములను వెదకుటలో గొప్ప నేర్పరి. మద్రాసు నుండి ఆయన అయిదు గ్రహశకలములను కనుగొనెను. వానిలో మొదటిది 1861 ఏప్రిల్ 17న కనబడినది. ఆసియా ఖండము నుండి కనుగొనబడిన మొట్టమొదటి గ్రహశకలము అదియే కనుక దానికి 'ఆసియా' అనియే పేరు పెట్టిరి. మచిలీపట్నపు గ్రహణము జరిగిన మూడు నెలలకు, 1868 నవంబరు 17న, 'కమిల్లా' అను మరియొక దానిని ఆయన కనుగొనెను.

ఆసియా వద్దకు ఇంతవరకు ఏ నౌకయు పోలేదు. అయినను లెక్క నేర్చుకొనుటకు అది మంచి ఉదాహరణము. దానినే గమ్యస్థానముగా ఎంచుకొందము.

ప్రదక్షిణము లెక్క

గుడి చుట్టు ఇద్దరు ప్రదక్షిణము చేయుచున్నారనుకొనుడు. ఒకడు గర్భగుడికి దగ్గరగా వడివడిగా తిరుగుచున్నాడు. రెండవవాడు వెలుపలి ప్రాకారము ప్రక్కన మెల్లగా నడచుచున్నాడు. లోపలివాడు కొంతసేపటికి వెలుపలివాని సరసకు వచ్చును, తరువాత దాటిపోవును, మరల ఒక చుట్టు అధికముగా తిరిగి సరసకు వచ్చును. ఇట్లు ఒక కలయికకు, తరువాతి కలయికకు నడుమ పట్టు కాలము వారిద్దరి వేగముల భేదముపై ఆధారపడియుండును.

సూర్యుని చుట్టు గోళముల నడకయు ఇట్టిదే. దూరమున ఉన్న గోళమునకు చుట్టు పెద్దది, నడకయు నెమ్మది. ఈ సంగతి తెలుగువారికి పుష్కరముల ద్వారా చిరకాలముగా తెలిసినదే. బృహస్పతి కన్యారాశి ప్రవేశించినప్పుడు కృష్ణా పుష్కరము వచ్చును. 2004లో వచ్చినది, మరల 2016 ఆగస్టులో వచ్చినది. బృహస్పతి సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు 11.86 సంవత్సరములు పట్టుటయే దీనికి కారణము. విజయవాడ ఘట్టములలో స్నానము చేసిన లక్షలమంది ఒక గ్రహము యొక్క పరిభ్రమణ కాలమును తమకు తెలియకయే లెక్కించినవారైరి.

దూరమునకు, కాలమునకు గల సంబంధమును 1619లో కెప్లర్ ప్రకటించెను. సూర్యునికి భూమికి గల సగటు దూరమును 1 అనియు, భూమి చుట్టివచ్చు కాలమును 1 సంవత్సరమనియు తీసికొనినచో, ఏ గోళము యొక్క సగటు దూరపు ఘనమైనను దాని కాలపు వర్గమునకు సమానము. ఆసియా సగటు దూరము 2.42. దీని ఘనము 14.17, దాని వర్గమూలము 3.77. కాబట్టి ఆసియా సూర్యుని ఒకసారి చుట్టుటకు 3.77 సంవత్సరములు పట్టును.

భూమి దినమునకు 0.986 డిగ్రీలు తిరుగును. ఆసియా 0.262 డిగ్రీలు తిరుగును. భేదము 0.724 డిగ్రీలు. భూమి ఒక పూర్తి చుట్టు, అనగా 360 డిగ్రీలు, అధికముగా తిరుగుటకు సుమారు 497 దినములు పట్టును. కాబట్టి భూమికి, ఆసియాకు నడుమ ఒకనాడు ఉన్న ఏర్పాటు మరల కనబడుటకు ఇంచుమించు 16 నెలలు ఆగవలెను. కుజుని విషయమున ఈ కాలము 780 దినములు, అనగా 26 నెలలు.

ఇచ్చట వింత ఒకటి ఉన్నది. దూరముననున్న గోళముల అదనులు అరుదుగా వచ్చుననియు, దగ్గరివాని అదనులు తరచుగా వచ్చుననియు తోచుట సహజము. నిజము ఇందుకు విరుద్ధము. బృహస్పతికి 13 నెలలు, ఆసియాకు 16 నెలలు, కుజునికి 26 నెలలు. భూమికి మరింత సమీపముగా తిరుగు 'బెన్ను' అను గ్రహశకలము 437 దినములలో సూర్యుని చుట్టును. దానికిని భూమికిని ఒకే ఏర్పాటు మరల వచ్చుటకు సుమారు 6 సంవత్సరములు పట్టును. కారణము స్పష్టమే. ప్రదక్షిణములో ఇంచుమించు ఒకే వేగముతో నడచు ఇద్దరిలో ఒకడు రెండవవానికంటె ఒక చుట్టు ముందుకు పోవుటకు చాలసేపు పట్టును. వేగములు దగ్గరైన కొలది కలయికలు దూరమగును.

గురి ఎచ్చట పెట్టవలెను?

భూమి, ఆసియా ఒకదాని సరస ఒకటి వచ్చిన దినముననే నౌకను పంపిన సులభము కదా అని అడుగవచ్చును. అట్లు పంపినచో నౌక దానిని అందుకొనలేదు.

కృష్ణ వరదమీదనున్నప్పుడు పడవవాడు ఎదుటి రేవునకు సూటిగా పోవుటకు ప్రయత్నింపడు. ప్రవాహము తన పడవను ఎంత దిగువకు లాగునో లెక్కవేసి, ఎగువ చోటు చూచుకొని విడుచును. అంతరిక్ష నౌకకు కూడ ఒక ప్రవాహము ఉన్నది. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో సూర్యుని చుట్టు పోవుచున్నది. భూమిని విడచిన నౌకకు ఆ వేగము పుట్టుకతోనే సంక్రమించును. దానిని అణచివేసి సూటిగా వెలుపలికి పోవుటకు తగిన ఇంధనమును ఏ రాకెట్టును మోయలేదు. కనుక ఆ వేగమునకు ఎదురీదక, దానికి కొంత చేర్చుట ఒక్కటే మార్గము.

ఈ మార్గమును 1925లో జర్మను ఇంజనీరు వాల్టర్ హోమాన్ వివరించెను. నౌక భూమి పోవు దిక్కుననే మరికొంత వేగము పుంజుకొనును. అప్పుడు దాని కక్ష్య భూకక్ష్యకంటె పెద్దదైన దీర్ఘవృత్తమగును. ఒక కొన భూకక్ష్యను, ఎదుటి కొన గ్రహశకలపు కక్ష్యను తాకును. నౌక సూర్యుని చుట్టు సగము తిరిగి, బయలుదేరిన చోటికి సరిగా ఎదుటి వైపున గ్రహశకలపు కక్ష్యను చేరును. తక్కువ ఇంధనముతో జరుగు ప్రయాణము ఇది.

దీనికి కాలమెంత? నౌక కక్ష్య యొక్క సగటు దూరము 1కిని 2.42కును నడిమి సంఖ్య, అనగా 1.71. దీని ఘనము 5. దాని వర్గమూలము 2.236. ఇది పూర్తి చుట్టునకు పట్టు సంవత్సరములు. నౌక తిరుగునది సగమే కనుక 1.118 సంవత్సరములు, అనగా 408 దినములు పట్టును. ఈ 408 దినములలో ఆసియా తన కక్ష్యపై సుమారు 107 డిగ్రీలు నడచును. నౌక చేరు చోటు బయలుదేరిన చోటికి 180 డిగ్రీల దూరమున ఉన్నది. కాబట్టి నౌక బయలుదేరు దినమున ఆసియా భూమికి 180 లోనుండి 107 తీసివేయగా వచ్చు 73 డిగ్రీలు ముందు ఉండవలెను. అట్లున్న దినమే ఆసియా ప్రయాణమునకు నడి అదను. ఆ దినమున రాకెట్టు, ఆకాశములో ఆసియా ఉన్న దిక్కునకు గాక, పదమూడు నెలల తరువాత ఆసియా రాబోవు శూన్యప్రదేశమునకు గురిపెట్టుచున్నదన్నమాట.

ఒక్క దినము ఆలస్యమైనచో? మార్గమును ఏమాత్రము మార్చక పంపినచో, నౌక చేరిన వేళకు గ్రహశకలము సుమారు 46 లక్షల కిలోమీటర్ల దూరమున ఉండును. ఇది భూమికి చంద్రునికి గల దూరమునకు పన్నెండు రెట్లు. నెల ఆలస్యమైనచో ఆ దూరము 13 కోట్ల కిలోమీటర్లు మించును. మార్గమును కొంత మార్చి ఈ లోటు సరిదిద్దవచ్చును గాని, అందుకు అదనముగా ఇంధనము కావలెను. నడి అదనుకు ఇరుప్రక్కల కొన్ని దినముల వరకు ఆ అదనపు ఖర్చు భరింపదగినంతగా ఉండును. తరువాత అది త్వరత్వరగా పెరుగును. రాకెట్టు శక్తికి మించిన దినమున కిటికీ మూసుకొనినదని అందురు.

రాహుకేతువుల వంటి చిక్కు

పై లెక్కలో రెండు విషయములను సులభముగా తీసికొనుట జరిగినది. మొదటిది, ఆసియా కక్ష్య సరియైన వృత్తమని అనుకొనుట. నిజమునకు అది దీర్ఘవృత్తము. ఒకప్పుడు సూర్యునికి దగ్గరగాను, ఒకప్పుడు దూరముగాను ఉండును. రెండవది, భూకక్ష్యయు ఆసియా కక్ష్యయు ఒకే తలములో ఉన్నవని అనుకొనుట. నిజమునకు ఆసియా కక్ష్య సుమారు 6 డిగ్రీలు వాలియున్నది.

6 డిగ్రీలు స్వల్పమే కదా అనిపించును. కాని సెకనుకు 19 కిలోమీటర్ల వేగముతో పోవు వస్తువు దిక్కును 6 డిగ్రీలు త్రిప్పుటకు సెకనుకు 2 కిలోమీటర్ల వేగమార్పు కావలెను. ఇది చాల ఖరీదైన వ్యవహారము. దీనిని తప్పించుకొను ఉపాయము పంచాంగము చూచువారికి సుపరిచితమైన రాహుకేతువులలో ఉన్నది. చంద్రకక్ష్య భూకక్ష్యా తలమును రెండు బిందువుల వద్ద ఖండించును. ఆ బిందువులకే రాహువు, కేతువు అని పేర్లు. అమావాస్య ఈ బిందువుల సమీపమున వచ్చిననే సూర్యగ్రహణము పట్టును. కనుకనే ప్రతి అమావాస్యకు గ్రహణము లేదు. ప్రతి గ్రహశకలపు కక్ష్యకును ఇట్టి రాహుకేతు బిందువులు రెండు ఉన్నవి. నౌక గ్రహశకలమును ఆ బిందువుల వద్ద కలిసికొనునట్లు తేదీ కుదిరినచో వాలు యొక్క బాధ చాలవరకు తగ్గును. కాబట్టి 16 నెలలకొకసారి వచ్చు అదనులన్నియు సమానము కావు. ఒకటి మంచిది, మరియొకటి సామాన్యము, ఇంకొకటి పనికిరానిది కావచ్చును.

ఇందువలన శాస్త్రజ్ఞులు ఒక్క లెక్కతో తృప్తి పడరు. బయలుదేరు తేదీలను అడ్డముగాను, చేరు తేదీలను నిలువుగాను వ్రాసి, ప్రతి జంటకును ఎంత వేగము కావలెనో గణనయంత్రముతో కట్టుదురు. సమానమైన విలువలను గీతలతో కలుపుదురు. సర్వే పటములో ఇంద్రకీలాద్రి ఎత్తుపల్లములను చూపు గీతల వలెనే ఈ పటములోను కొండలు, లోయలు ఏర్పడును. లోయ అడుగున ఉన్న తేదీ మిక్కిలి చవుక. లోయ వెడల్పు ఎంతయో అదను నిడివి అంత.

వాలును జయించుటకు వేరొక ఉపాయము కూడ కలదు. బెన్ను కక్ష్య కూడ సుమారు 6 డిగ్రీలు వాలినదే. దానికై అమెరికా వారు ఒసైరిస్-రెక్స్ అను నౌకను 2016 సెప్టెంబరు 8న, కృష్ణా పుష్కరములు ముగిసిన రెండు వారములకు పంపిరి. అది ఒక సంవత్సరము సూర్యుని చుట్టి, 2017 సెప్టెంబరు 22న మరల భూమి ప్రక్కకే వచ్చెను. భూమి ఆకర్షణచే దాని మార్గము వంగి, బెన్ను కక్ష్యా తలమునకు చేరెను. ఇంధనముతో చేయవలసిన పనిని భూమియే చేసిపెట్టినది. 2018 డిసెంబరులో నౌక బెన్నును చేరెను. 2020 అక్టోబరులో దాని మట్టిని తీసికొనెను. తిరుగు ప్రయాణమునకును అదను కావలసివచ్చెను. 2021 మే 10న అచ్చటినుండి బయలుదేరి, 2023 సెప్టెంబరు 24న ఆ మట్టిని భూమికి అందించెను.

శ్రీహరికోట చూపిన జాగ్రత్త

గ్రహశకలము కొరకే ప్రత్యేకముగా శ్రీహరికోట నుండి ఇంతవరకు నౌక పోలేదు. కాని సూర్యుని చుట్టు తిరుగు వేరొక గోళమును అందుకొనుటకు అదను చూచి నౌకను పంపిన అనుభవము అచ్చట ఉన్నది. అది 2013 నాటి మంగళయాన్. విజయవాడ నుండి మద్రాసు పోవు రైలుమార్గముపై సూళ్లూరుపేటలో దిగినచో, పులికాటు సరస్సునకు ఆవల బంగాళాఖాతపు ఒడ్డున ఆ ప్రయోగకేంద్రము ఉన్నది.

కుజుని వైపు భూమిని విడువవలసిన అదను ఆ సంవత్సరము నవంబరు చివర వచ్చినది. తప్పినచో తరువాతి అదను 2016 ఆరంభమున. కాని పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నౌకను ఒక్క ఊపున కుజమార్గమున పెట్టగల శక్తి కలది కాదు. అందుచేత నౌకను మొదట భూమి చుట్టు కక్ష్యలో నిలిపి, దాని స్వంత ఇంజనును పలుమార్లు వెలిగించి, కక్ష్యను క్రమముగా పెంచి, చివరకు విడిపించుటకు పథకము వేసిరి. దీనికి కొన్ని వారములు పట్టును. కనుక ప్రయోగమును అక్టోబరు 28వ తేదీననే జరుపుటకు నిశ్చయించిరి. నవంబరు 19 వరకు గడువు ఉన్నది.

ఇంతలో ఒక అవాంతరము వచ్చెను. రాకెట్టు చివరి అంచె దక్షిణ పసిఫిక్ మహాసముద్రముపై వెలుగవలసియున్నది. అచ్చట భూమి మీద కేంద్రములు లేవు. సంకేతములను అందుకొనుటకు నలంద, యమున అను రెండు ఓడలను పంపిరి. సముద్రము అల్లకల్లోలముగా ఉండుటచే నలంద తన స్థానమునకు సకాలమున చేరలేదు. ప్రయోగము నవంబరు 5కు వాయిదా పడెను. ఆ దినము మధ్యాహ్నము 2 గంటల 38 నిమిషములకు రాకెట్టు లేచెను.

నవంబరు 11న రెండవ చిక్కు ఎదురైనది. నాలుగవసారి ఇంజను వెలిగించినప్పుడు, నౌక కక్ష్య యొక్క దూరపు కొన లక్ష కిలోమీటర్లకు చేరవలసియుండగా 78 వేల కిలోమీటర్ల వద్దనే ఆగెను. మరునాడే మరల ఇంజను వెలిగించి ఆ లోటు పూరించిరి. డిసెంబరు 1వ తేదీ అర్ధరాత్రి దాటిన 49 నిమిషములకు నౌక భూమిని విడచు మార్గమున పడెను. 2014 సెప్టెంబరు 24న కుజుని చేరెను.

దీనిలో గమనింపదగిన విషయము ఒకటి ఉన్నది. ప్రయోగము ఎనిమిది దినములు ఆలస్యమైనది. ఇంజను ఒక దినము తడబడినది. అయినను భూమిని విడచు గడువు దాటలేదు. అదనుకు ముందుగానే కొన్ని దినములను చేతిలో ఉంచుకొనుటయే దీనికి కారణము. కాలువ నీరు వచ్చిన తరువాత నారు పోయుటకు ఆలోచించు రైతు వెనుకబడును. దుక్కి దున్ని, గట్లు వేసి, విత్తనము నానబెట్టి ఎదురుచూచువాడు రెండు దినములు అటునిటు అయినను గట్టెక్కును.

తేదీ కుదిరిన తరువాత నిమిషము కూడ కుదుర్చుకొనవలెను. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నందున ప్రయోగవేదిక గంటకు 15 డిగ్రీలు తూర్పునకు కదలుచుండును. నౌక పోవలసిన మార్గపు తలము క్రిందికి వేదిక వచ్చిన వేళనే రాకెట్టు లేవవలెను. నాలుగు నిమిషములు దాటినచో వేదిక ఒక డిగ్రీ కదలిపోవును. కొన్ని ప్రయోగములు ఒక చిన్న మేఘము వలననో, ఒక కవాటము వలననో ఆనాటికి ఆగిపోవుటకు కారణమిదే.

తప్పిన అదనులు

గ్రహశకలములలో 'సైకీ' అనునది లోహము అధికముగా కలదని భావింపబడుచున్నది. అది 1852లో, అనగా విజయవాడ వద్ద కృష్ణపై మొదటి ఆనకట్ట పని ఆరంభమైన సంవత్సరముననే, కనుగొనబడినది. దానికి నౌకను పంపుటకు అమెరికా వారికి 2022 ఆగస్టు నుండి అక్టోబరు వరకు అదను ఉన్నది. నౌక సిద్ధమైనది గాని, దానిని నడుపు కార్యక్రమములను పరీక్షించుట సకాలమున ముగియలేదు. పరీక్షింపక పంపుటకంటె ఆగుటయే మేలని నిశ్చయించిరి. నౌక 2023 అక్టోబరు 13న బయలుదేరెను. ఆలస్యము ఒక్క సంవత్సరమే. కాని మొదటి మార్గమున 2026లో చేరవలసిన నౌక, క్రొత్త మార్గమున 2029లో చేరునట్లు లెక్క మారెను.

దీనితో సంబంధించిన మరియొక కథ ఇంకను విచారకరము. సైకీతోబాటు అదే రాకెట్టులో 'జానస్' అను రెండు చిన్న నౌకలు పోవలసియుండెను. జంట గ్రహశకలములను చూచుట వాని పని. పెద్ద నౌక తేదీ మారగానే, క్రొత్త తేదీన బయలుదేరిన ఈ చిన్న నౌకలు తమ గమ్యములను అందుకొనలేవని తేలినది. వానిలో దోషమేమియు లేదు. కాని 2023లో ఆ పథకమును నిలిపి, నౌకలను భద్రపరచి ఉంచుటకు ఏర్పాటు చేసిరి. ఊడ్పుకు సిద్ధమైన నారు, నాటు చేను లేక మడిలోనే మిగిలినట్లైనది.

అదనుల నిడివిలోని తేడా మరియొక సందర్భమున బయటపడెను. 2007 వేసవిలో అమెరికాలో రెండు నౌకలు బయలుదేరుటకు సిద్ధముగా ఉండెను. ఒకటి కుజునికి పోవు ఫీనిక్స్. రెండవది వెస్టా, సిరీస్ అను రెండింటిని చూడబోవు డాన్. ఫీనిక్స్ అదను ఆగస్టులో కొద్ది వారములు మాత్రమే. డాన్‌కు విద్యుచ్ఛక్తితో పనిచేయు అయాన్ ఇంజను ఉన్నది. దాని త్రోపుడు ఒక కాగితపు బరువును మించదు. కాని అది నెలల తరబడి ఆగక త్రోయుచుండును. అందుచేత బయలుదేరు తేదీలో కొంత సడలింపు ఉన్నది. డాన్ ప్రక్కకు తొలగి త్రోవ ఇచ్చెను. ఫీనిక్స్ ఆగస్టు 4న, డాన్ సెప్టెంబరు 27న బయలుదేరెను. అయినను డాన్‌కు కూడ హద్దు లేకపోలేదు. వెస్టా 3.63 సంవత్సరములకు, సిరీస్ 4.6 సంవత్సరములకు సూర్యుని చుట్టును. వాని నడుమ ఒకే ఏర్పాటు మరల వచ్చుటకు సుమారు 17 సంవత్సరములు పట్టును. ఒకే ప్రయాణమున రెండింటిని చూచు అవకాశము ఒక తరమునకొకసారి మాత్రమే దొరకును. డాన్ 2011లో వెస్టాను, 2015లో సిరీస్‌ను చేరి తన పని నెరవేర్చెను.

ముహూర్తమునకు, అదనుకు భేదము

గ్రహముల స్థితిని చూచి తేదీ నిర్ణయించుట ముహూర్తము పెట్టుట వంటిదే కదా అని కొందరు తలపవచ్చును. పోలిక పైపైన మాత్రమే. ముహూర్తము ఎందుకు మంచిదో నమ్మకముతో స్వీకరింపవలెను. నౌక అదను ఎందుకు మంచిదో ఎవరైనను లెక్కవేసి చూచుకొనవచ్చును. దానిలో తప్పు ఉన్నచో నౌక గమ్యమును చేరదు. ఒప్పు ఉన్నచో చేరును. మరియు ఆ అదనును మార్చుటకు వీలు ఉన్నది. పెద్ద రాకెట్టు దొరికినను, మరింత ఇంధనము పోసినను, మార్గమున వేరొక గోళము ఆకర్షణను వాడుకొనినను కిటికీ వెడల్పగును. ఎంత వెడల్పగునో ముందుగనే చెప్పవచ్చును. అంతరిక్ష ప్రయోగములలో నెలల తరబడి జరుగు పరీక్షలకు, గడియారము చూచి పరుగులెత్తు ఉద్యోగుల ఆరాటమునకు అర్థమిదియే. వారు పోగొట్టుకొనునది ఒక దినము కాదు. రెండు సంవత్సరములో, ఆరు సంవత్సరములో, ఒక్కొక్కప్పుడు ఆ పథకమునే.

పాఠకులు ఈ లెక్కను స్వయముగా వేసి చూడవచ్చును. మచిలీపట్నము నుండి తిరిగిపోయిన మూడు నెలలకు పోగ్సన్ కనుగొన్న కమిల్లా సగటు దూరము 3.49. దీని ఘనమునకు వర్గమూలము తీసినచో 6.52 సంవత్సరములు దాని పరిభ్రమణ కాలమని తెలియును. ఆ సంఖ్యను, దానిలో ఒకటి తగ్గించిన 5.52తో భాగించినచో 1.18 వచ్చును. అనగా భూమికి, కమిల్లాకు ఒకే ఏర్పాటు 14 నెలలకొకసారి వచ్చును. ఆసియాకు వేసిన పద్ధతిననే, నౌక బయలుదేరు దినమున కమిల్లా భూమికి ఎన్ని డిగ్రీలు ముందు ఉండవలెనో కనుగొనుట ఇక కష్టము కాదు. 80కిని 90కిని నడుమ సమాధానము వచ్చినచో లెక్క సరియైనదే.